అర్జెంటు బిందె

ఏప్రిల్ 8, మంగళవారం

ఈ డైరీ బడిలో చదువు చెప్పిన నారాయణ అయ్యవారు ఇచ్చినాడు. పోయిన సంవత్సరంది. వారాలు తప్పుగా ఉంటాయి, కొట్టేసి రాసుకో పెద్దన్నా అన్నాడు. ముందు పేజీల్లో టాంకరు నీళ్ల వరుస రాయాలి. వెనక నుంచి తిప్పితే వచ్చే పేజీలు నావి. వీటిని ఎవరూ చూడకూడదు. నా పెండ్లాం తిప్పమ్మకు చదవడం రాదు కాబట్టి ఇంట్లో భయం లేదు. అయినా మోటారు రూములోనే దాచిపెడతాను. బోరు ఎండిపోయి రెండేళ్లయింది. మోటారు అమ్మేసినారు. రూము ఉంది, తాళంచెవి నా దగ్గర ఉంది. ఇక్కడ చల్లగా ఉంటుంది, అందుకే ఇక్కడ కూర్చుంటున్నాను.

వరుస రాసిపెట్టాల్సిన గతి ఎందుకు పట్టిందంటే, నేను బిందెలు ముందుకు వెనక్కు జరుపుతున్నానని కిరణ్ అన్నాడు. నేను! వాడి తాత పెండ్లికి పందిరి గుంజలు పాతినవాణ్ణి నేను. మూడు రోజులకొకసారి టాంకరు వస్తుంది. ఊరు నలభై ఒక్క ఇండ్లు. ఇంటికొక బిందె వరుసలో పెడతారు. బిందె లేనివాళ్లు రాయి పెడతారు, చెప్పు పెడతారు. బిందె ఉన్నచోట మనిషి ఉన్నట్టే. వంతు వచ్చినప్పుడు ఇంటికి ఆరు బిందెలు. ఇది నేను పెట్టిన పద్ధతి. నన్నెవరూ నియమించలేదు. మొదటి టాంకరు వచ్చిన రోజు ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటే మొగవాళ్లందరూ చూస్తూ నిలబడినారు. నేను కర్ర పట్టుకుని మధ్యలోకి పోయినాను. అంతే.

ఇప్పుడు జుట్లు పట్టుకోవడం లేదు. దానికి బదులు ఒక మాట పట్టుకున్నారు. అర్జెంటు. పోయిన టాంకరు రోజు లెక్కబెట్టినాను. పదిహేడు మంది అర్జెంటన్నారు.

అయ్యవారిని అడిగినాను, ఆ మాటకు అర్థమేమప్పా అని. ఇటుకంత పుస్తకం తీసి, అద్దాలు తుడుచుకుని, చాలాసేపు వెతికినాడు. "ఆలస్యం చేసేదానికి లేని అవసరం" అన్నాడు.

"అంటే?"

"ఇప్పుడు కాకుంటే చెడిపోయే పని."

మా ఊర్లో చెడిపోకుండా మిగిలిన పనేముందని అడిగితే నవ్వినాడు.

ఏప్రిల్ 10, గురువారం

టాంకరు తొమ్మిదికి వచ్చింది. ఈ రోజు అర్జెంట్లు రాసిపెడుతున్నాను.

బయమ్మ: పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చిందంట, అర్జెంటు. కిరణ్: రాప్తాడులో మీటింగు, అర్జెంటు. ఏమి మీటింగు అంటే "అదొక మీటింగు తాతా" అన్నాడు. ఇంద్రాణి: కూతురి ఊరికి బస్సు, అర్జెంటు. ఆ బస్సు సాయంత్రం నాలుగుకు. చివరికి టాంకరు తోలే ఓబిలేష్ కూడా, "తొందరగా కానీయండప్పా, నాకింకొక ఊరు ఉండాది, అర్జెంటు" అన్నాడు.

నేను కర్రతో టాంకరు మీద ఒకటి కొట్టినాను. అందరూ ఆగినారు. ఇంట్లో నుంచి ఎర్ర ప్లాస్టిక్ బిందె తెప్పించి మోటారు రూము ముందరి తొట్టి గట్టు మీద పెట్టినాను.

"ఇంక నుంచి టాంకరుకు ఒక్కటే అర్జెంటు. ఇదే ఆ బిందె. నిజంగా అర్జెంటు ఉన్నోళ్లు వరుస తప్పి దీంట్లో పట్టుకోవచ్చు. అయితే ఒకటి. ఆ బండ ఎక్కల్ల. ఏమి అర్జెంటో అందరి ముందర చెప్పల్ల."

తొట్టి పక్కన బట్టలుతికే బండ ఉంది. నీళ్లున్న కాలంలోది. ఉతికి ఉతికి నున్నగా అయింది.

అందరికీ నచ్చింది. కిరణ్ కూడా "భలే చెప్పినావు తాతా" అన్నాడు. నారాయణ అయ్యవారు ఒక్కడే నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు, "పెద్దన్నా, అన్నీ చెప్పుకొనేటివి కావప్పా."

"చెప్పుకోలేనిది అర్జెంటు ఎట్లయితాది?" అన్నాను.

ఆయన అద్దాలు తుడుచుకుంటూ తన బిందె దగ్గరికి పోయినాడు. అంత పెద్ద పుస్తకంలో దీనికి మాట లేదేమో.

ముందు పేజీలో కొత్తగా రెండు గళ్లు గీసినాను. ఎర్రబిందె ఎవరికి. ఎందుకు.

ఏప్రిల్ 11, శుక్రవారం

టీ మానేసినాను. టీ మంచిది కాదు.

ఏప్రిల్ 13, ఆదివారం

రూలు పని చేసింది. ఇట్లాంటి రూలు ఆఫీసుల్లో ఉంటే దేశం ఎప్పుడో బాగుపడేది.

కిరణ్ టాంకరు రాకముందే వచ్చి ఎర్రబిందె ఎత్తుకున్నాడు.

"ఎక్కప్పా" అన్నాను.

ఎక్కినాడు. తెల్ల చొక్కా, తల నున్నగా దువ్వినాడు.

"చెప్పు."

"అది... బైకు కడగల్ల తాతా."

"బైకు దుమ్ముగా ఉంటే పోదా?"

"పోతాది. పెండ్లిచూపులకు పోతాండాము."

వరుసంతా ఒకటే నవ్వు. బయమ్మ చెయ్యి ఊపి, "పిల్ల బైకును చేసుకుంటాదా, నిన్నా?" అంది. ఇంకెవరో, "బైకునే చేసుకుంటే మేలు, అదన్నా పొద్దున లేస్తానే పని చేస్తాది" అన్నారు. కిరణ్ మొగం బిందె కంటే ఎర్రగా అయింది. దిగి, బిందె అక్కడే పెట్టి, తన వంతు కోసం పోయి నిలబడినాడు.

ఆ తర్వాత ఒక్కరు కూడా అర్జెంటు అనలేదు. ఎర్రబిందె ఖాళీగా ఇంటికి పోయింది. పదిహేడు అర్జెంట్లను ఒక్క బండతో మాయం చేసినాను.

ఏప్రిల్ 16, బుధవారం

ఎర్రబిందె బయమ్మకు. ఎందుకు: ఆవు ఈనింది, కుడితికి. బండ ఎక్కి గట్టిగా చెప్పింది, దూడ మగదని కూడా చెప్పింది. న్యాయమైన అర్జెంటు.

మోటారు రూముకు తాళం వేసినానో లేదో అని మూడుసార్లు లేచి పోయి చూసినాను. వేసే ఉంది.

ఏప్రిల్ 17, గురువారం

తెల్లారేసరికి దండెం మీద పంచె ఎందుకుందని తిప్పమ్మ అడిగింది. కుక్క తాకిందన్నాను. మన ఇంట్లో కుక్క యాడుండాది అంది. వీధి కుక్క అన్నాను. తాగే నీళ్లల్లో నుంచి ఒక చెంబు పోయిందని గొణిగింది. చెంబుకు కూడా లెక్క చెప్పాలంటే ఈ ఇంట్లో బతికేది ఎట్లా?

మోటారు రూము వెనక గోడ ఉంది. దాని చాటుకు పోతే ఎవరికీ కనపడదు. ఇక్కడ కూర్చునేది అందుకు కూడా. చల్లగా ఉండేది కూడా నిజమే.

ఏప్రిల్ 19, శనివారం

ఈ రోజు ఒక విషయం జరిగింది. చిన్నదే.

ఇంద్రాణి కోడలు హేమలత వచ్చింది. పెండ్లయి సంవత్సరం దాటింది. మొగుడు తిప్పేష్ బెంగళూరులో కారు తోలుతాడు. అత్త కూతురి ఊర్లో ఉంది. పిల్ల ఒక్కటే ఇంట్లో ఉంటుంది. వాళ్ల బిందె వరుసలో ముప్పై నాలుగోది. అప్పటికి పన్నెండో ఇల్లు నడుస్తోంది.

మోటారు రూము గోడకు ఆనుకుని నిలబడి, "మామా, ఎర్రబిందె ఇయ్యి" అంది. నడుముకు టవలు చుట్టుకుని ఉంది.

"బండ ఎక్కమ్మా."

ఎక్కలేదు.

"అర్జెంటు మామా."

"అదేనమ్మా, ఏమి అర్జెంటు?"

తల వంచుకుంది. నేను మళ్లీ అడిగినాను. మెల్లగానే అడిగినాను. నోరు తెరవలేదు. అంతలో కిరణ్ అందుకున్నాడు, "మాకొక న్యాయం, కోడలికొక న్యాయమా తాతా? మమ్మల్ని బండెక్కించి నవ్విస్తివి కదా!" వరుసలో వాళ్లందరూ నన్నే చూస్తున్నారు. ఒకసారి వదిలితే రేపటికి మళ్లీ పదిహేడు.

"చెప్పకుంటే లేదమ్మా" అన్నాను.

వెళ్లిపోయింది. మా వైపు వెన్ను తిప్పకుండా, గోడకు ఆనుకునే పక్కగా నడిచి, సందు మలుపు దాకా అట్లే పోయింది. పెద్దవాళ్ల ముందర వెన్ను చూపకూడదని పుట్టింట్లో నేర్పినట్టున్నారు. మర్యాద ఉంది గానీ మొండితనం కూడా ఉంది.

ఎర్రబిందె ఎవరికి: హేమలత అడిగింది. ఎందుకు: చెప్పలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

తిప్పమ్మ నిన్న మధ్యాహ్నం నుంచి ఇంట్లో లేదు. ఈ రోజు పొద్దు వాలే ముందు వచ్చింది. హేమలతను ఆటోలో అనంతపురం ఆసుపత్రికి తీసుకుని పోయిందంట.

మూడో నెలంట. నిలబడలేదంట.

"నిన్న నీ దగ్గరికి వచ్చినప్పటికే పోతాండాది. ఇంట్లో చుక్క నీళ్లు లేవు. ఆ చీరతో ఆటో యాడెక్కల్ల? నలుగురి ఇండ్లల్లో చెంబు చెంబు అడుక్కొని కడిగినాను."

"చెప్పింటే ఇచ్చింటి కదా" అన్నాను.

"నలభై మంది ముందర బండెక్కి చెప్పల్లనా?"

"నీతో చెప్పింటే నువ్వు చెప్పేదానివి."

"నేను పాలకు పోయింటి. చెప్పేదానికి ఆ పొద్దు ఆ పిల్లకు ఎవురుండిరి, నువ్వు తప్ప?"

నీళ్లకూ దానికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పిందట. ఈ మాట తిప్పమ్మే చెప్పింది. చెప్పి, "అయితే మాత్రం" అని లోపలికి పోయింది. సంగటి చల్లారిపోయింది. పెట్టిన మనిషి పక్కన లేదు.

నాకెవరూ చెప్పలేదు. చెప్పకుండా ఎట్లా తెలుస్తుంది? నేనేమి దేవుణ్ణా?

ఏప్రిల్ 21, సోమవారం

చెప్పి ఉంటే ఇచ్చేవాణ్ణి.

ఏప్రిల్ 22, మంగళవారం

టాంకరు వచ్చింది. ఎర్రబిందె కోసం ఎవరూ రాలేదు. రూలు బాగా పని చేస్తోంది.

ఆడవాళ్లు నాతో మాట్లాడకుండానే పట్టుకుని పోయినారు. గొడవ లేదు, అరుపులు లేవు. టాంకరు మొదలైనప్పటి నుంచి ఇంత క్రమంగా ఎప్పుడూ జరగలేదు.

హేమలత వాళ్ల బిందె వరుసలో లేదు. తిప్పమ్మ మా ఆరు బిందెల్లో మూడు అటు మోసింది. నన్ను అడగలేదు. నేను అటువైపు చూడలేదు.

ఏప్రిల్ 24, గురువారం

రెండు రోజులకొక టాంకరు కావాలని అర్జీ ఇచ్చేదానికి మండలాఫీసుకు పోయినాను. అర్జీ అయ్యవారు రాసినాడు. పైన ఎర్ర ఇంకుతో అర్జెంటు అని రాసి, కింద రెండు గీతలు గీసినాడు. ఆ మాట వద్దంటే, "లేకుంటే చూడనే చూడరప్పా" అన్నాడు.

గుమాస్తా కాగితం తీసుకుని ఒక కట్ట మీద పెట్టినాడు. ఆ కట్టలో పైనుంచి కింద దాకా ఎర్ర ఇంకే కనపడుతోంది.

"అర్జెంటని రాసినాము సార్" అన్నాను. ఆ మాట నేనే పలికినాను. సిగ్గనిపించింది.

"అన్నీ అర్జెంటే తాతా. మామూలువి ఆ పక్క ఉండాయి, చూడు."

ఆ పక్క నాలుగే నాలుగు కాగితాలు ఉన్నాయి. మామూలు అని రాసి ఇచ్చి ఉంటే ఐదోది అయ్యేది, ఈపాటికి చేతికి వచ్చేది. అయ్యవారి చదువు ఇట్లా ఉంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు మధ్యలో దిగేసినాను. ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉంది. నడవాలనిపించింది. నడిస్తే కాళ్లకు మంచిది.

చెనక్కాయ చేను పక్కన ఎవరూ లేరు. చేనులో కూడా ఏమీ లేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

నిన్న రాసింది పూర్తిగా నిజం కాదు. బస్సు ఒక నిమిషం ఆపమని డ్రైవరును అడిగి ఉండొచ్చు. పక్కన కాలేజీ పిల్లలు నిలబడి ఉన్నారు. అడిగితే ఎందుకు తాతా అంటాడు. అందుకే నా ఊరు ఇదేనని చెప్పి దిగినాను. ఎండ నెత్తి మీద ఉంది.

టాంకరు వచ్చింది. ఎర్రబిందెను ఎవరూ ముట్టుకోలేదు. తిప్పమ్మ మళ్లీ మూడు బిందెలు అటు మోసింది. ఇంద్రాణి ఇంకా రాలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

నారాయణ అయ్యవారు మోటారు రూముకు వచ్చి కూర్చున్నాడు. నేను రెండుసార్లు గోడ వెనక్కు పోయి వచ్చినాను. మూడోసారి వచ్చినాక అన్నాడు.

"పెద్దన్నా, నాకూ ఉండెనప్పా అది. అనంతపురంలో చూపిస్తిని. మాత్రలు మింగితే సరిపాయె."

"నాకేమీ లేదు."

"ఉండాదని నేనంటినా? నాకు ఉండెనని చెప్తాండా."

"నీకుంటే నువ్వు మింగు."

లేచి, పంచె దులుపుకుని పోయినాడు. పోతూ పోతూ, "నేనూ ఒక సంవత్సరం నీ మాదిరే తిరిగినా లే" అన్నాడు. చదువుకున్నవాళ్లకు ఇదొక రోగం. తమకున్నది ఊరందరికీ ఉందనుకుంటారు.

ఏప్రిల్ 28, సోమవారం

రాయాలా వద్దా అని దీపాలు పెట్టినప్పటి నుంచి ఈ పేజీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఈ పేజీలు ఎవరూ చూడరు కదా. రాస్తాను.

టాంకరు ఎనిమిదికి రావాలి. నేను ఏడుకే పోయి మోటారు రూము మెట్టు మీద కూర్చున్నాను. టాంకరు రాలేదు. తొమ్మిది అయింది, పది అయింది. లేచి గోడ వెనక్కు పోదామంటే అక్కడ నీడకు ఆడవాళ్లు చేరి కూర్చున్నారు. ఇంటికి పోదామంటే, బయమ్మ చెప్పును ఎవరో కాలితో తన్నినారు, అది ఏడోదా ఎనిమిదోదా అని కిరణ్ నా ముందర నిలబడి వాదిస్తున్నాడు. నేను లేస్తే వరుస పోతుంది. కూర్చున్నాను. టాంకరు వచ్చినాక పోవచ్చులే అనుకున్నాను.

పదకొండున్నరకు వచ్చింది. టైరు పంక్చరంట. వస్తూనే ఓబిలేష్ పైపు తెరిచినాడు. తొట్టిలో నీళ్లు పడే చప్పుడు.

ఆ చప్పుడుతో అయిపోయింది.

నేను ఏమీ చేయలేదు. చేసేదానికి ఏమీ లేదు. తెల్ల పంచె. భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో వేసుకున్నాను. ఓబిలేష్ నా వైపు చూస్తే "కానీయప్పా" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. అది మాత్రం గుర్తుంది.

మా బిందె ఇరవై మూడోది. అప్పటిదాకా ఇట్లే కూర్చుంటే ఎండకు ఆరుతుందని లెక్కవేసినాను. ఆరలేదు. నేను కూర్చున్నది నీడలో. రోజూ నీడ కోసమే ఆ మెట్టు మీద కూర్చుంటాను.

ఒకటి, రెండు, మూడు అని ఇండ్లు పిలుస్తున్నాను. మధ్యలో ఎర్రబిందె ఎదురుగా ఉంది. ఒక్క బిందె చాలు నాకు. అడగాలంటే బండ ఎక్కాలి. బండ ఎక్కాలంటే లేచి నిలబడాలి. లేచి నిలబడితే చెప్పే పనే ఉండదు.

ఇరవై మూడు వచ్చింది. తిప్పమ్మ ఇంట్లో ఉంది, వచ్చి మోసేదాకా బిందెలు నేనే పట్టాలి.

"తాతా, నీ వంతు, లెయ్" అన్నాడు కిరణ్.

"నాది తర్వాత చూద్దాం. ఇరవై నాలుగు."

"వరుస తప్పకూడదని నువ్వే అంటివి కదా?"

"నేను వెనక్కు పోతాంటే నీకేమిరా?"

"లెయ్ తాతా, అదేమన్నా సింహాసనమా? పొద్దున్నించి అతుక్కొని కూకున్నావు!"

నవ్వినారు. నేను కర్ర గట్టిగా పట్టుకున్నాను. లేవలేదు. ఇప్పుడు అందరూ నన్నే చూస్తున్నారు.

హేమలతను నేను అప్పుడు చూసినాను. ఆ రోజు తర్వాత బయటికి రావడం ఇదే. వరుసలో చివర ఒక బిందె పట్టుకుని నిలబడి ఉంది. అందరూ నా మొగం చూస్తుంటే ఆ పిల్ల మెట్టు కింద చూసింది. దుమ్ములో సన్నగా తడి గీత ఉంది. చూసింది. తల తిప్పుకోలేదు, నోరు మూసుకుని నవ్వలేదు.

బిందె కింద పెట్టి, నేరుగా వచ్చి ఎర్రబిందె తీసుకుని పైపు కింద పెట్టింది.

"ఏమ్మా, బండ ఎక్కు. ఏమి అర్జెంటు?" అన్నాడు కిరణ్.

ఆ పిల్ల బండ ఎక్కింది. నలభై ఇండ్ల వాళ్లనూ చూసింది.

"అర్జెంటు" అంది.

"అదే, ఏమి అర్జెంటు?"

"అర్జెంటన్నా. అంతే."

"తాతా, చెప్పు! రూలు ఉండాదా లేదా?"

పైపు నుంచి నీళ్లు పోతూనే ఉన్నాయి. ఓబిలేష్ మూయాలా వద్దా అని నన్ను చూస్తున్నాడు.

"పట్టుకోనీరా" అన్నాను.

బిందె నిండింది. నడుముకు ఎత్తుకుంది. ఇంటికి పోవాలంటే బండకు అవతల నుంచి పోవాలి. ఇటు వచ్చింది. నా ముందుకు వచ్చి, కాలు జారి, నిండు బిందె నా ఒళ్లో పడేసింది. నడుము నుంచి పాదాల దాకా. తువ్వాలు, పంచె, మెట్టు, కింద దుమ్ము, అన్నీ ఒకటైపోయినాయి.

"అయ్యో మామా, కాలు జారె!"

వరుసంతా ఒక్కసారి అయ్యో అంది. నాకోసం కాదు, నీళ్ల కోసం. బయమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నిండు బిందె నేలపాలు చేస్తివే తల్లీ!" అని ఓబిలేష్ అరిచినాడు. "ఇంక ఈమెకు ఐదే! అదొకటి తగ్గించల్ల!" అన్నాడు కిరణ్.

నేను లేచి నిలబడినాను. నీళ్లు కారుతున్నాయి. అందరూ చూస్తున్నారు, అందరికీ ఎందుకు తడిసినానో తెలుసు.

"కండ్లు కనపడవా నీకు?" అని హేమలత మీద అరిచినాను. ఊరంతా వినపడేటట్టు అరిచినాను. "నడిచేది చాతకాకుంటే ఇంట్లో కూకో!"

ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. చెంపలు మాత్రం కొంచెం కదిలినాయి. నవ్విందనుకుంటాను.

కర్ర, డైరీ అయ్యవారి చేతికిచ్చి, వరుస చూడమని చెప్పి, వీధి మధ్యలో నుంచి ఇంటికి నడిచినాను. గోడ పక్కన కాదు, మధ్యలో. సందు మలుపు దగ్గర గుర్తుకొచ్చింది, ఆ పిల్ల ఆ రోజు గోడకు ఆనుకుని ఇంత దూరమూ నడిచింది. నేను మర్యాద అనుకున్నాను.

పొద్దు వాలుతున్నప్పుడు ముందు పేజీ తెరిచి చూసినాను. వరుసలో హేమలత పేరు పక్కన అయ్యవారి చేతిరాతలో ఐదు అని వేసి ఉంది. మా ఇంట్లో నుంచి ఒక బిందె భుజానికెత్తుకుని వాళ్ల ఇంటికి పోయినాను. డెబ్బై మూడేళ్లలో బిందె మోయడం ఇది మొదటిసారి. తిప్పమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. మూడు ఇండ్ల వాళ్లు అరుగుల మీద నుంచి లేచి చూసినారు.

హేమలత తలుపు తీసింది. నేను చెప్పాలనుకున్నది దారిలో సిద్ధం చేసుకున్నాను. తలుపు తీసేసరికి పోయింది.

"ఆ బండ..." అన్నాను.

"కాలు జారింది మామా."

"జారుతాది. నున్నగా ఉండాది."

"ఊ."

బిందె లోపల పెట్టి వచ్చినాను.

ఏప్రిల్ 29, మంగళవారం

అయ్యవారి ఇంటికి పోయినాను. ఆ డాక్టరు యాడుంటాడని అడిగినాను. ఎవరికి అని ఆయన అడగలేదు. చీటీ మీద రాసిచ్చినాడు.

"ఆ పుస్తకంలో అర్జెంటుకు ఎన్ని మాటలుండాయప్పా?" అన్నాను.

చూసి, "నాలుగు" అన్నాడు.

"చాలవు."

ఏప్రిల్ 30, బుధవారం

అనంతపురం పోయి వచ్చినాను. అక్కడ నా వయసువాళ్లు బెంచీ మీద పదకొండు మంది కూర్చుని ఉన్నారు. అందరూ గోడ మీద క్యాలెండరు చూస్తున్నారు. నేనూ చూసినాను. మాత్రలు ఇచ్చినారు.

వచ్చేటప్పుడు బస్సులో ముందు సీట్లో కూర్చున్నాను. సగం దారిలో, ఒక నిమిషం ఆపప్పా అన్నాను. ఆపినాడు. ఎందుకని అడగలేదు. దిగి, ఎక్కేదాకా ఉన్నాడు. మళ్లీ పోనిచ్చినాడు. ఇంత సులభమని తెలియక ఆ రోజు నాలుగు కిలోమీటర్లు నడిచినాను.

మే 1, గురువారం

టాంకరు వచ్చేలోపల ఇద్దరిని పిలిచి బండను గడ్డపారతో పెకలించి, మోటారు రూము వెనక వేయించినాను.

"తాతా, బండేమాయె?" అన్నాడు కిరణ్.

"తీసేయిస్తిని. కాళ్లు జారుతాండాయి."

"మరి యాడెక్కి చెప్పల్ల?"

"చెప్పొద్దులే."

వాడు బండ తీసిన గుంతలో కాలు పెట్టి చూసినాడు. "అట్లయితే అందరికీ అర్జెంటే అయితాది."

"కానీ."

"అయితే నాకు అర్జెంటు" అని ఎర్రబిందె ఎత్తుకున్నాడు. అందరూ నన్ను చూసినారు. వాడు కూడా, నేను కర్ర ఎత్తుతానని ఒక అడుగు వెనక్కు వేసే నిలబడినాడు.

"పట్టుకో" అన్నాను.

పట్టుకుని పోయినాడు. వాళ్ల నాయన మంచం మీద ఉన్నాడని వింటున్నాను. దానికే కావచ్చు, లేకుంటే బైకే కడిగినాడేమో. ఇప్పుడే వాళ్ల ఇంటి మీదుగా వచ్చినాను, బైకు దిక్కు చూడలేదు.

ఆ తర్వాత ఎవరూ అర్జెంటు అనలేదు. అనరని నేననుకోలేదు. వచ్చే టాంకరుకు పదిహేడు మంది అంటారేమో, చూద్దాం.

ముందు పేజీ నింపినాను. ఎర్రబిందె ఎవరికి: కిరణ్. ఎందుకు అనే గడి వదిలేసినాను. ఇరవై ఎనిమిదో తేదీ దగ్గర కూడా ఆ గడి ఖాళీగానే ఉంది. అయ్యవారు ఎర్రబిందె గడిలో హేమలత అని రాసి, పక్కన ఏమీ రాయలేదు.

పేజీ వెనక్కు తిప్పితే పంతొమ్మిదో తేదీ వచ్చింది. అక్కడ నా చేతిరాతలో 'చెప్పలేదు' అని ఉంది. దాన్ని కొట్టేసినాను. ఒక గీతకు కనపడుతూనే ఉంది. ఇంకా రెండు గీసినాను.